పంట వ్యర్థాల నుంచి విలువైన సరుకు – 4వ పాఠం: బంగాళాదుంప రసంలోని ప్రొటీన్

బంగాళాదుంపల నుంచి పిండి తీశాక మిగిలే గోధుమరంగు రసాన్ని గత పాఠంలో తేర్చి, అందులోని పీచునూ పిండి రేణువులనూ తొలగించాం. ఆ రసాన్ని కాచితే ప్రొటీన్ విరిగి ముద్దకడుతుంది కానీ, నీటిలో కరిగే గుణాన్నీ నురగ కట్టే గుణాన్నీ పోగొట్టుకుని పశువుల దాణాకు తప్ప పెద్దగా అక్కరకు రాదు. వేడి తగలనివ్వకుండా దాన్ని రాబట్టడానికే ఈ పాఠంలో అల్ట్రాఫిల్ట్రేషన్ పొరను వాడుతున్నాం. పీడనంతో రసాన్ని ఈ పొర మీదుగా పారిస్తే, నీరూ చిన్న అణువులూ పొరలోంచి దిగిపోతాయి, ప్రొటీన్ వంటి పెద్ద అణువులు ఆగి మిగతా రసంతో తొట్టికి తిరిగివస్తాయి.

ఈ రసంలోని ముఖ్యమైన ప్రొటీన్ పటాటిన్. దాని అణుభారం 40,000 డాల్టన్లకు (డాల్టన్ అంటే అణువుల భారాన్ని కొలిచే ప్రమాణం) పైమాటే. చక్కెరలు, లవణాలు, చేదుకు కారణమైన సోలనిన్ వంటివి వెయ్యి డాల్టన్ల లోపే ఉంటాయి కాబట్టి 10,000 డాల్టన్ల పొర సరిపోతుంది. అయితే ఆ అంకెను జల్లెడ కన్ను కొలతగా భావించకండి. అంత భారం గల అణువుల్లో సుమారు 90 శాతాన్ని పొర ఆపుతుందని మాత్రమే దాని అర్థం. అందుకే ఆపదలచిన అణువు భారంలో మూడో వంతుకు మించని అంకె గల పొరను ఎంచుకోవడం మేలు. రసంలోని చిన్న ప్రొటీన్లు కొన్ని ఎలాగూ జారిపోతాయి. ఆ నష్టాన్ని ఒప్పుకోక తప్పదు.

కొత్తవారు ఎక్కువగా తడబడేది పీడనం దగ్గర. ఒక బార్‌తో మొదలుపెట్టి, అర బార్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ పొర నుంచి దిగే ద్రవాన్ని కొలజాడీలో ఒక నిమిషం పట్టి రాసుకోండి. మొదట్లో పీడనంతో పాటు ధార పెరుగుతుంది, ఒక దశ దాటాక పీడనాన్ని ఎంత పెంచినా పెరగదు. పొర మీద ప్రొటీన్ జిగురులా పేరుకోవడమే ఇందుకు కారణం. అక్కడ ఇంకా బిగిస్తే ఆ జిగురు గట్టిపడుతుందే గాని లాభం ఉండదు. ఒక మెట్టు వెనక్కి వచ్చి, పొర మీదుగా పారే రసం వేగాన్ని పెంచండి. తిరిగివచ్చే గొట్టం మూతి తొట్టిలోని రసంలో మునిగే ఉండాలి. పైనుంచి పడితే కొద్దిసేపట్లోనే నురగ తొట్టి అంచు దాటుతుంది, ఆ నురగలో పోయేది మనం దాచుకోవాలనుకున్న ప్రొటీనే.

100 లీటర్ల రసాన్ని 20 లీటర్లకు చిక్కబరిచాక కడగడం మొదలుపెట్టాలి. ద్రవం ఎంత దిగుతుంటే అంత మంచినీరు చేరుస్తూ, తొట్టి మట్టాన్ని మారనివ్వకూడదు. పొరలోంచి స్వేచ్ఛగా జారే పదార్థంలో, తొట్టెడు నీరు పోసిన ప్రతిసారీ 37 శాతమే మిగులుతుంది; మూడు తొట్లకు, అంటే 60 లీటర్లకు, దాదాపు 5 శాతం. చిక్కబరచకుండానే కడిగితే ఇదే ఫలితానికి 300 లీటర్ల నీరు కావాలి.

అభ్యాసం: లీటరుకు 10 గ్రాముల చక్కెర ఉన్న 60 లీటర్ల రసాన్ని 10 లీటర్లకు చిక్కబరిచి, 40 లీటర్ల నీటితో కడిగితే ఎంత చక్కెర మిగులుతుంది? జవాబు 2 గ్రాములకు కాస్త తక్కువగా రావాలి.