డ్యాష్‌క్యామ్‌కి కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని చేస్తాను. డ్యాష్‌క్యామ్, అంటే ముందు రోడ్డుని రికార్డు చేసే కెమెరా, పెట్టించుకునేవాళ్లకి నేను ముందుగా చెప్పేది: కారులో ఉన్న వైరు కోసి, అతుకు వేసి, టేపు చుట్టొద్దు. మన ఎండలకి మూసిన కారులో ఆ టేపు జిగురు జారి ఊడొస్తుంది. ఫ్యూజ్ ట్యాప్ కొనండి. ఫ్యూజ్ పెట్టెలో ఒక ఫ్యూజ్ తీసి ఆ చోట గుచ్చితే, వైరు కోయకుండానే ఇంకో లైనుకి కరెంటు ఇచ్చే చిన్న ముక్క అది.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి, తాళం తిప్పితే 12 వోల్టులు, తీస్తే సున్నా చూపే ఫ్యూజ్ వెతకండి. చాలా కార్లలో సిగరెట్ లైటర్ సాకెట్‌ది సరిపోతుంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకులది), ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి అసలు పోవద్దు. దొరికాక బ్యాటరీ నెగెటివ్ విప్పి పని మొదలుపెట్టండి.

ట్యాప్‌లో పాత ఫ్యూజ్ ఒక గదిలో, కెమెరాది రెండో గదిలో. కెమెరా ఫ్యూజ్ 2 లేదా 3 ఆంపియర్లది చాలు. ఫ్యూజ్ ఉన్నది వైరు కాలకుండా. అది పోతే 10 ఆంపియర్లది పెట్టి పని కానిచ్చేవాళ్లని చూస్తే నాకు భయం. ముందు షార్ట్ ఎక్కడుందో వెతకాలి.

ఇంజిన్ నడుస్తుంటే 14 వోల్టుల దాకా వస్తాయి, కెమెరా అడిగేది 5. మధ్యలో వోల్టులు తగ్గించే మంచి కన్వర్టర్ తప్పనిసరి. ఎర్త్ వైరు రంగు లేని ఇనుప బోల్టుకి బిగించండి. అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే వైరు దాని వెనక నుంచే పోవాలి, ముందు నుంచి కాదు.

బండి ఆపినా రికార్డు కావాలంటే, తాళం తీస్తే సున్నా అయ్యే ఫ్యూజ్ ఒక్కటే చాలదు, ఎప్పుడూ కరెంటు ఉండేది కూడా కావాలి; అప్పుడు బ్యాటరీ 12 వోల్టులకి దిగకముందే కరెంటు ఆపేసే కిట్ తీసుకోండి.