రియోమీటర్ పూటకో లెక్క చెబుతోందా? చిక్కటి సస్పెన్షన్లు, జెల్స్‌తో వచ్చే చిక్కులు

రియోమీటర్ అంటే రెండు ప్లేట్ల మధ్య శాంపిల్ పెట్టి, ఒక ప్లేట్‌ను తిప్పుతూ అది ఎలా పారుతుందో కొలిచే మెషీన్. సస్పెన్షన్ అంటే ద్రవంలో కరగకుండా ఉండే రేణువుల మిశ్రమం.

సమస్య: కదలకూడనంత తక్కువ స్ట్రెస్‌కే (శాంపిల్ మీద పడే బలానికే) బెంటోనైట్ (ఒక రకం బంకమట్టి) ముద్ద పారుతున్నట్టు గ్రాఫ్ వస్తోంది

కారణం: చాలాసార్లు జారుడే. నున్నటి ప్లేట్ పక్కన రేణువులు ఒత్తుగా సర్దుకోలేవు, అక్కడ పలుచని నీటి పొర మిగిలిపోతుంది. ముద్ద గట్టిగానే ఉండి, ఆ పొర మీద జారుతుంది. మెషీన్ మాత్రం ప్లేట్ తిరిగిందంటే శాంపిల్ మొత్తం పారిందనే లెక్క కడుతుంది.

తేల్చుకోవాలంటే శాంపిల్ అంచు మీద సన్నటి బ్రష్‌తో నిలువుగా ఒక సిరా గీత గీయండి. నెమ్మదిగా తిప్పుతూ చూడండి. గీత నిటారుగా ఉండి ప్లేట్ దగ్గర తెగితే జారుడు. మధ్యలో తెగితే అది వేరే కథ: ఒక పట్టీ మాత్రమే పారుతోంది, మిగతాది కదలట్లేదు. గీత సమంగా ఒరిగితే మీ గ్రాఫ్‌ను నమ్మొచ్చు. ప్లేట్ల మధ్య 1 మి.మీ., 0.5 మి.మీ. గ్యాప్‌లతో కొలిచి పోల్చినా జారుడు బయటపడుతుంది: రెండు గ్రాఫ్‌లూ కలవవు.

పరిష్కారం: రెండు ప్లేట్లకూ గరుకు కాగితం అంటించి, గ్యాప్ జీరో (ప్లేట్లు ఒకదానికొకటి తగిలే చోటు) మళ్లీ సెట్ చేయండి. గ్యాప్ పెద్ద రేణువు సైజుకు కనీసం పది రెట్లుండాలి.

సమస్య: అదే డబ్బాలోని ముద్దకు పొద్దున ఒక యీల్డ్ స్ట్రెస్ (పారడం మొదలవ్వడానికి కావలసిన స్ట్రెస్), మధ్యాహ్నం ఇంకొకటి

కారణం: కదపకుండా ఉంచినా దీని లోపలి అల్లిక బిగుస్తూనే ఉంటుంది. ప్లేట్ల మధ్య నొక్కడం కూడా దాని చరిత్రలో భాగమే.

పరిష్కారం: ప్రతిసారీ ఒకే వేగంతో గట్టిగా తిప్పి, ఒకే సమయం ఆపి, అప్పుడు కొలవండి. ఆ అంకెలు గ్రాఫ్ పక్కనే రాయండి. అవి లేని యీల్డ్ స్ట్రెస్‌ను నేను లెక్కలోకి తీసుకోను. ల్యాపొనైట్‌కు (కృత్రిమంగా చేసే బంకమట్టి) ఇదీ చాలదు. నిలవ ఉన్నకొద్దీ దాని అల్లికలో వచ్చే మార్పుల్లో కొంత భాగం ఎంత తిప్పినా వెనక్కి పోదని ఐఐటీ కాన్పూర్‌లో యోగేశ్ జోషి బృందం చూపించింది. కలిపి ఎన్ని రోజులైందో కూడా ఒకేలా ఉండాలి.

సమస్య: కార్న్‌ఫ్లోర్ నీళ్లకు టార్క్ (ప్లేట్‌ను తిప్పడానికి కావలసిన బలం) ఒక్కసారిగా ఎగబాకుతోంది

టెన్షన్ పడకండి, మెషీన్ బాగానే ఉంది. స్ట్రెస్ ఒక హద్దు దాటాక రేణువులు ఒకదానికొకటి రాసుకుని పట్టేస్తాయి. వేగం బదులు స్ట్రెస్‌ను కంట్రోల్ చేయండి. అంచు నిగనిగ పోయి మసకబారితే, రేణువులు బయటికి తోసుకొస్తున్నట్టే. ఆపైన వచ్చిన అంకెలు వదిలేయండి.

సమస్య: స్నిగ్ధత (చిక్కదనం) మెల్లగా మారిపోతోంది

పెరుగుతుంటే అంచు ఆరిపోతోంది, మూత పెట్టండి. తగ్గుతుంటే రేణువులు అడుక్కి దిగుతున్నాయేమో చూడండి. పాలీస్టైరీన్ పూసలైతే ఉప్పునీటితో సాంద్రత సరిపెట్టొచ్చు. కార్న్‌ఫ్లోర్‌కు ఉప్పు చాలదు, కలిపిన వెంటనే కొలవడమే.

సమస్య: ఒకే కొలతతో కలిపినా ఈ బ్యాచ్ ఆ బ్యాచ్‌లా లేదు

కార్న్‌ఫ్లోర్ బరువులో దాదాపు పదో వంతు తేమే, అదీ వానాకాలంలో ఇంకా ఎక్కువ. పిండి శాతం మిశ్రమం బిగుసుకునే హద్దుకు దగ్గరైనప్పుడు ఒక్క శాతం తేడా చాలు, స్నిగ్ధత ఎక్కడికో పోతుంది. కొంచెం పిండిని ఓవెన్‌లో ఆరబెట్టి, తేమ ఎంతో తూచి, ఆ మేరకు నీళ్లు తగ్గించండి.