హోమ్ థియేటర్ పాఠాలు – 5: సెంటర్ స్పీకర్ గొంతు పూడుకుపోతే

నాలుగో పాఠంలో ఐదు స్పీకర్ల దూరాలూ టేపుతో కొలిచాం. టెస్ట్ టోన్ అనే పరీక్ష శబ్దం పెట్టి అన్నిటి లెవెల్స్, అంటే మోత, సమానం చేసుకున్నాం. అంతా అయ్యాక కూడా పాటలు బాగానే ఉండి డైలాగులు మాత్రం అర్థం కావట్లేదంటే ఈ పాఠం మీ కోసమే. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది టీవీ కింద మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్ నుంచే. కొత్త సెంటర్ కోసం షాపుకి వెళ్లే ముందు ఒక్క ఆదివారం దీనికి కేటాయించండి. టేపు, స్టూలు, తలుపు కింద పెట్టే రెండు రబ్బరు ముక్కలు ఉంటే చాలు.

మా ఇంట్లో ఈ సమస్య అమ్మతో బయటపడింది. సోఫా టీవీకి ఎదురుగా ఉంటుంది, అమ్మ కూర్చునే దివాన్ పక్క గోడకి ఆనుకుని ఉంటుంది. సినిమా మొదలైన ఐదు నిమిషాలకే "వాడేమన్నాడ్రా?" అని అడిగేది. సెంటర్ లెవెల్ 3 డెసిబెల్స్ పెంచాను. మళ్లీ అదే ప్రశ్న. ఇంకో 2 పెంచాను. సోఫాలో ఉన్న మాకు గొంతులు అరిచినట్టు వినపడ్డాయి, అమ్మకి మాత్రం మాట తెలియలేదు. వయసు పైబడింది కదా, చెవి మందగించి ఉంటుందని మాలో మేమే తేల్చేసుకున్నాం. అలా అనుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కొన్నాళ్లకి ఒక రాత్రి అమ్మ ఊళ్లో లేనప్పుడు దివాన్ మీద నేను కూర్చున్నాను. నాకూ అర్థం కాలేదు.

ఎందుకో తెలియాలంటే మన మాట ఎలా తయారవుతుందో ఒకసారి చూడాలి. కాలు, పాలు, చాలు, సాలు. ఈ నాలుగింటిలో బిగ్గరగా వినిపించే 'ఆ' ఒకటే. తేడా అంతా మొదటి హల్లులో ఉంది, ఆ హల్లు రెప్పపాటులో పలికి పోతుంది. మగవాళ్ల గొంతు మూల శ్రుతి 100 హెర్ట్జ్ (సెకనుకి 100 కంపనాలు) చుట్టుపక్కల ఉన్నా, హల్లుని గుర్తుపట్టే ఆనవాళ్లు చాలావరకు 1000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. 'స' లాంటివి ఇంకా పైకి పోతాయి. ఆ భాగంలో స్పీకర్ తడబడితే గొంతు వినపడుతుంది గానీ మాట వినపడదు. వాల్యూమ్ పెంచితే పెరిగేది ముందుగా అచ్చులే.

ముందు చిన్న పరీక్ష ఒకటి. స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె, అదే రిసీవర్, డిస్‌ప్లే మీద నిజంగా డాల్బీ 5.1 (ఐదు స్పీకర్లకీ, సబ్ ఊఫర్‌కీ విడివిడిగా శబ్దం) వస్తోందో, ఎడమ కుడి రెండే ఉండే ఉత్త స్టీరియోనే వస్తోందో చూడండి. 5.1 వస్తుంటే సోఫా మధ్యలో కూర్చుని, మీకు అర్థం కాని సీను ఒకటి ఎంచుకోండి. స్పీకర్ సెటప్ మెనూలో సెంటర్ లేదని పెట్టి మళ్లీ అదే సీను వేయండి. అప్పుడు రిసీవర్ సెంటర్ చానల్‌ని ఎడమ, కుడి స్పీకర్లకు సగం సగం పంచుతుంది. మాట ఇప్పుడు తేటగా ఉంటే లోపం సెంటర్‌లోనో, అది ఉన్న చోటులోనో ఉందన్నమాట. ఇంకా అలాగే ఉంటే గది ప్రతిధ్వనో, ఐదు మీద తిరుగుతున్న ఫ్యానో కారణం కావచ్చు. అలాంటప్పుడు కొత్త సెంటర్ కొన్నా డబ్బు దండగే. సెంటర్ లేకుండా ఇలాగే వదిలేయొచ్చా అని కొందరు అడుగుతారు. మధ్యలో ఒక్కరే కూర్చుని చూసే ఇల్లయితే పర్లేదు. పక్కకి జరిగితే మాత్రం గొంతు తెర వదిలి దగ్గరున్న స్పీకర్‌లోకి వెళ్లిపోతుంది.

ఇక మా ఇంటి సమస్య. సోఫా మధ్యలో మాట బాగుంది, దివాన్ దగ్గర లేదు. ఇలా సీటుని బట్టి మారుతుంటే మీ సెంటర్ ముందున్న జాలీ తీసి చూడండి. మధ్యలో ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్నది), అటూ ఇటూ ఒక్కో ఊఫర్ (లావు శబ్దాలు పలికే పెద్దది) అడ్డంగా వరసలో ఉంటే దొంగ దొరికినట్టే.

రెండు ఊఫర్ల మధ్య ట్వీటర్ పెట్టే ఈ అమరికని 1980లలో ప్రాచుర్యంలోకి తెచ్చినవాడు స్పీకర్ల రూపకర్త జోసెఫ్ డాపొలీటో. ఆయన దాన్ని నిలువుగా నిలబెట్టడానికి రూపొందించాడు. అలా నిలబెడితే శబ్దం నేలకీ పైకప్పుకీ తక్కువ పోతుంది, పక్కలకి మాత్రం సమానంగా పరుచుకుంటుంది. టీవీ కింద పట్టాలని దాన్నే పడుకోబెట్టారు. దాంతో పక్క సీట్లకి చేరాల్సిన శబ్దానికే దెబ్బ తగిలింది.

దీన్ని మీ ఇంట్లో టేపుతోనే లెక్క కట్టొచ్చు. మా దివాన్ మీద అమ్మ చెవి దగ్గర నుంచి దగ్గరి ఊఫర్ మధ్యకి 248 సెంటీమీటర్లు, దూరపు ఊఫర్‌కి 263. తేడా 15. రెండింటి నుంచీ ఒకే శబ్దం ఒకేసారి బయలుదేరినా, ఒకటి 15 సెంటీమీటర్లు వెనకబడి వస్తుంది. ఆ తేడా సరిగ్గా సగం తరంగానికి సమానమైన చోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గాలిలో శబ్ద వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు, అంటే 34300 సెంటీమీటర్లు. సగం తరంగం కాబట్టి అందులో సగం, 17150ని ఆ తేడాతో భాగించండి. 17150ని 15తో భాగిస్తే 1143 హెర్ట్జ్. సరిగ్గా మాట నడిచే దారిలోనే గుంట పడింది. లెవెల్ ఎంత పెంచినా గుంట పూడదు, చుట్టూ ఉన్న గట్టే పెరుగుతుంది. సోఫా మధ్యలో రెండు దూరాలూ ఒకటే కాబట్టి అక్కడ ఏ ఇబ్బందీ లేదు.

చెవితో కూడా రుజువు చేసుకోండి. టెస్ట్ టోన్‌ని సెంటర్ మీద ఆపి, సోఫా మధ్య నుంచి పక్క సీటు దాకా నెమ్మదిగా నడవండి. చెవి కూర్చున్న ఎత్తులో ఉండాలి, అంటే వంగే నడవాలి. సుయ్‌మనే ఆ శబ్దం ఒకచోట బోలుగా, గొట్టంలోంచి వచ్చినట్టు మారిపోతుంది. ఇప్పుడు టీవీ ముందు స్టూలు వేసి సెంటర్‌ని నిలువుగా నిలబెట్టండి, ట్వీటర్ చెవి ఎత్తుకి రావాలి. తెరకి అడ్డమైనా ఈ కాసేపే. మళ్లీ అలాగే నడవండి. నిలబెట్టాక ఏ సీటు నుంచి చూసినా రెండు ఊఫర్లూ దాదాపు సమాన దూరమే. మా ఇంట్లో ఆ బోలు శబ్దం మాయమైంది.

నిలబెట్టి ఉంచే చోటుంటే ఖర్చు లేకుండానే పని అయిపోయినట్టే. లేకపోతే, ముందు ఉన్నచోటే సరిచేయండి. టీవీ యూనిట్ అర లోపలికి నెట్టిన సెంటర్ కుండలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. దాన్ని అర అంచు దాకా, వీలైతే ఒక అంగుళం బయటికి లాగండి. కింద మడతపెట్టిన తువ్వాలు, ముందు వైపు రెండు రబ్బరు ముక్కలు పెట్టి, ట్వీటర్ మీ ముఖం వైపు చూసేలా పైకి వంచండి. చిన్న ఊఫర్ల సెంటర్‌కి మెనూలో 'లార్జ్' అని ఉంటే 'స్మాల్' చేసి, క్రాసోవర్ (ఏ శ్రుతి కింద శబ్దం సబ్ ఊఫర్‌కి పోవాలో ఆ హద్దు) 100 హెర్ట్జ్ పెట్టండి. లావు శబ్దాల బరువంతా సబ్ ఊఫర్ మోస్తుంది, సెంటర్‌కి మాట పని మాత్రమే మిగులుతుంది. వెనక వైర్లలో ప్లస్, మైనస్ తారుమారు కాలేదని కూడా చూసుకోండి.

ఇవన్నీ చేశాక కూడా పక్క సీటు బాగుపడకపోతే అప్పుడు మార్చండి. నా మాట అడిగితే, ఎడమ కుడి స్పీకర్లు ఏవో మూడోది కూడా అచ్చంగా అదే తెచ్చుకోండి. అరలో పట్టే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లయితే టీవీని గోడకి కొంచెం పైకి ఎత్తి బిగించి, దాని కింద ఒకదాన్ని నిలువుగా పెట్టొచ్చు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీల రోజుల్లో మామూలు స్పీకర్ దగ్గర పెడితే అయస్కాంతం వల్ల రంగులు చెడేవి, ఇప్పటి ఎల్ఈడీ టీవీలకి ఆ భయం లేదు. ఇబ్బందల్లా జతగానే అమ్మడం. అడిగితే ఒక్కటి ఇచ్చే డీలర్లు ఉంటారు, ఇవ్వకపోతే జతే కొని రెండోది దాచుకోవడం కూడా నష్టం కాదు. మూడూ ఒకటే అయితే తెర మీద కారు ఎడమ నుంచి కుడికి పోయేటప్పుడు మధ్యలో దాని శబ్దం రంగు మారదు.

చోటు లేక అడ్డంగా ఉండే సెంటరే కావాలంటే త్రీ వే రకం చూడండి. అందులో రెండు ఊఫర్ల మధ్య మధ్య శ్రుతులు పలికే ఒక చిన్న మిడ్ స్పీకర్, దాని నెత్తి మీద ట్వీటర్ ఉంటాయి. అలాంటి వాటిలో ఊఫర్లు 500 హెర్ట్జ్ దగ్గరే ఆగి, మాట బాధ్యత మిడ్‌కి అప్పగిస్తే మీ సమస్య తీరినట్టే. 500 దగ్గర సగం తరంగమే 34 సెంటీమీటర్లు, 15 తేడా దాన్ని కొట్టేయలేదు. ఊఫర్ నడిమధ్యలోనే ట్వీటర్ ఉండే కోయాక్సియల్ ఒంటి స్పీకరైనా మంచిదే. పెద్దదీ ఖరీదైనదీ అని వేరే కంపెనీ అడ్డ సెంటర్ మాత్రం తేవద్దు. రెండు ఊఫర్ల గొడవ దాంట్లోనూ ఉంటుంది, పైగా పక్క స్పీకర్లతో గొంతు కలవదు.

మేము మూడో బుక్‌షెల్ఫే పెట్టాం. లెవెల్ మళ్లీ మామూలుకి తెచ్చాను. అమ్మ దివాన్ మీదే కూర్చుంటోంది, ఏమన్నాడని అడగట్లేదు.

ఈ వారం పని: మీ హాల్లో ప్రతి సీటు నుంచి రెండు ఊఫర్లకీ ఉన్న దూరాలు కొలిచి, తేడా, 17150ని దాంతో భాగిస్తే వచ్చిన అంకె నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఆరో పాఠంలో టైల్స్ నేల, ఖాళీ గోడల ప్రతిధ్వని చూద్దాం. దానికి ఒక జంపఖానా, మందపాటి కర్టెన్లు సిద్ధం చేసుకోండి.