అట్లాంటాకి కొత్తగా వచ్చారా? ఒక శనివారం ఆబర్న్ అవెన్యూకి వెళ్లిరండి

మీ ఫ్లైట్ దిగేది హార్ట్స్‌ఫీల్డ్-జాక్సన్ ఎయిర్‌పోర్టులో. ఆ జాక్సన్ ఎవరో కాదు, అట్లాంటాకి తొలి నల్లజాతి మేయర్ మేనార్డ్ జాక్సన్. 1973లో గెలిచారు. పదవి చేపట్టేనాటికి ఆయనకి 35 ఏళ్లు. ఎయిర్‌పోర్టు కొత్త టెర్మినల్ కాంట్రాక్టుల్లో 25 శాతం నల్లజాతివారిలాంటి మైనారిటీల సంస్థలకి దక్కాల్సిందేనని పట్టుబట్టి సాధించారు. 2003లో ఆయన చనిపోయాక ఎయిర్‌పోర్టు పేరులో ఆయన పేరు కూడా చేర్చారు. లగేజీ కోసం నిలబడ్డప్పుడు ఈ సంగతి పిల్లలకి చెప్పండి.

సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు, అపార్ట్‌మెంట్ లీజు గురించి చెప్పడానికి మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. ఈ ఊరు ఎవరిదో చెప్పేవాళ్లే తక్కువ. నేను వచ్చిన కొత్తలో రూమ్మేట్లు చెప్పిన మొదటి జాగ్రత్త, "డౌన్‌టౌన్ వైపు వెళ్లకు, అటంతా నల్లోళ్లు" అని. ఆ మాట నమ్మి రెండేళ్లు అటు కన్నెత్తి చూడలేదు. ఆ రెండేళ్లు పోగొట్టుకున్నాననే బాధ ఇప్పటికీ ఉంది.

అసలు మనం ఇక్కడికి ఎలా రాగలిగామో ఒక్కసారి చూడండి. 1946 నుంచి భారతీయులకి ఏడాదికి 100 మందికే కోటా ఉండేది. పుట్టిన దేశాన్నిబట్టి మనుషుల్ని లెక్కగట్టే ఆ పద్ధతిని 1965 అక్టోబరులో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం ఎత్తేసింది. నల్లజాతివారు దెబ్బలు తిని, జైళ్లకి వెళ్లి 1964లో పౌరహక్కుల చట్టాన్ని, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టాన్ని సాధించారు. ఆ ఊపులోనే ఇదీ సాధ్యమైంది. మన వీసాల వెనక వాళ్ల రక్తం ఉంది.

మీరు అట్లాంటాకి ఉత్తరాన ఉన్న కమింగ్ అనే ఊరి వైపు ఇల్లు చూస్తున్నారేమో. మంచి స్కూళ్లు, చుట్టూ మనవాళ్లు, నిజమే. కానీ ఆ ఊరున్న ఫోర్సైత్ కౌంటీలో 1912లో ఒక తెల్లజాతి అమ్మాయి హత్య జరిగింది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి గుంపు జైల్లోంచి లాక్కొచ్చి చంపేసింది. ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లని కోర్టు తీర్పుతో ఉరితీశారు. ఆపైన రాత్రిళ్లు ఇళ్ల మీద పడి బెదిరించి, దాదాపు 1,100 మంది నల్లజాతివారిని కౌంటీ నుంచే తరిమేశారు. పొలాలు, ఇళ్లు, చర్చిలు వదిలేసి పోయారు. 1987 జనవరిలో అక్కడ జాతివివక్షకి వ్యతిరేకంగా శాంతియుతంగా నడిచినవారి మీద రాళ్లు పడ్డాయి. వారం తిరిగేసరికి సుమారు 20,000 మంది వచ్చి మళ్లీ నడిచారు. ఎడ్వర్డ్స్ జ్ఞాపకంగా 2021లో కమింగ్ డౌన్‌టౌన్‌లో ఒక ఫలకం పెట్టారు. ఇల్లు కొనేముందు దాని దగ్గర ఆగి చదవండి.

ఇంట్లో మాటలు కూడా కాస్త చూసుకోండి. "కల్లూ", "నల్లోడు" లాంటివి పూర్తిగా మానేయండి. తెలుగులో అంటే వాళ్లకి అర్థం కాదులే అనుకుంటాం, కానీ మన పిల్లలకి అర్థమవుతుంది. పెళ్లిసంబంధాల్లో రంగు అడిగే అలవాటు ఎక్కడిదో కూడా అప్పుడే తెలుస్తుంది. బ్లాక్ అనో, ఆఫ్రికన్ అమెరికన్ అనో అనండి. పక్కింటాయన్ని పేరు పెట్టి పలకరించండి.

ఇక శనివారం సంగతి. నార్త్ స్ప్రింగ్స్‌లో కారు పెట్టి మార్టా (ఊరి మెట్రో రైలు) రెడ్ లైన్ ఎక్కండి. ఫైవ్ పాయింట్స్‌లో మారి తూర్పువైపు రైల్లో కింగ్ మెమోరియల్ స్టేషన్లో దిగండి. అక్కణ్ణించి నడిచిపోవచ్చు. ఆబర్న్ అవెన్యూలో 501 నంబరు ఇల్లు మార్టిన్ లూథర్ కింగ్ 1929లో పుట్టినది. లోపలికి రానిస్తున్నారో లేదో ముందే కనుక్కోండి. నేషనల్ పార్కుకి టికెట్ లేదు. దగ్గర్లోనే నీటి కొలను మధ్య తెల్లటి పాలరాతి సమాధి. కింగ్, ఆయన భార్య కొరెటా అక్కడ పక్కపక్కనే ఉన్నారు. పార్కులో గాంధీ విగ్రహం కూడా ఉంది. కింగ్ దంపతులు 1959లో మన దేశానికి వచ్చి వెళ్లారు.

అక్కణ్ణించి పడమరకి నడిస్తే, మీరు రోజూ ఆఫీసుకి వెళ్లే 75/85 హైవే ఈ వీధిని ఎలా రెండుగా కోసేసిందో కళ్లారా కనిపిస్తుంది. ఒకప్పుడు నల్లజాతివారి బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీ, పత్రిక, హోటళ్లతో కళకళలాడిన వీధి ఇది. ఆ హైవే దగ్గరే నల్లజాతి నాయకుడు జాన్ వెస్లీ డాబ్స్ ముఖం పెద్ద లోహపు ముసుగులా నిలబెట్టి ఉంది. ఈ వీధికి స్వీట్ ఆబర్న్ అని పేరు పెట్టిందాయనే. ఊళ్లో తిరిగి వేలమంది నల్లజాతివారి చేత ఓటు నమోదు చేయించారు. ఆ ఓట్ల బలంతో 1948లో నగరం 8 మంది నల్లజాతి పోలీసుల్ని తీసుకోక తప్పలేదు. అప్పుడు కూడా తెల్లవాళ్లని అరెస్టు చేసే అధికారం వాళ్లకి ఇవ్వలేదు. మేనార్డ్ జాక్సన్‌కి ఈయన అమ్మ తండ్రి, అంటే తాతయ్య.

ఆ ముసుగు వెనక్కి వెళ్లి, పిల్లల్ని ఎత్తుకుని, ఆయన కళ్ల రంధ్రాల్లోంచి చూపించండి. ఆబర్న్ అవెన్యూ కనిపిస్తుంది.