పీఎఫ్‌సెన్స్‌లో ఎస్ఎంబస్ కంట్రోలర్ కనపడకపోతే

గుంటూరు బ్రాడీపేటలో మా బావగారి ఆఫీసుకి సెకండ్ హ్యాండ్ మినీ పీసీ కొని పీఎఫ్‌సెన్స్ (ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఫైర్‌వాల్, రౌటర్ సాఫ్ట్‌వేర్) ఎక్కించాను, అంతా బానే ఉంది కానీ ఎస్ఎంబస్ కంట్రోలర్‌కి (మదర్‌బోర్డు మీద సెన్సార్ల లాంటి చిన్న చిప్‌లతో మాట్లాడే భాగం) మాత్రం డ్రైవర్ అతుక్కోలేదు. టెన్షన్ వద్దు, అది లేకపోయినా నెట్ ఆగదు.

ముందు షెల్‌లో (కమాండ్లు టైప్ చేసే చోట) పీసీఐకాన్ఫ్ (pciconf) కమాండ్‌ని ఎల్, వీ ఆప్షన్లతో కొట్టండి. డ్రైవర్ దొరకని పరికరం వరస 'నన్' (none) అనే మాటతో మొదలవుతుంది, కింద తయారీదారు పేరు, క్లాస్ ఉంటాయి. ఇంటెల్ అయితే ఐసీహెచ్ఎస్ఎంబీ (ichsmb), ఏఎండీ అయితే ఐఎన్‌టీపీఎం (intpm) డ్రైవర్. ఆ డ్రైవర్ ఫైలు (మాడ్యూల్) బూట్ కింద కెర్నల్ ఫోల్డర్‌లో ఉందో లేదో చూసి, కేఎల్‌డీలోడ్ (kldload) కమాండ్‌తో ఎక్కించి, కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్ చివర్లో ఏం రాసిందో చదవండి. ఫైలు లేదని వేరే ఫ్రీబీఎస్‌డీ వెర్షన్ నుంచి తెచ్చి పెట్టకండి, కెర్నల్‌తో పొసగకపోతే మొదటికే మోసం.

పనిచేస్తే, ప్రతి బూట్‌కీ తనే ఎక్కేలా, డ్రైవర్ పేరు తర్వాత అండర్‌స్కోర్ లోడ్, ఈక్వల్ టు, కోట్స్‌లో యెస్ (YES) అనే ఇంగ్లీషు మాట పెట్టి లోడర్ డాట్ కాన్ఫ్ డాట్ లోకల్‌లో రాయండి. లోడర్ డాట్ కాన్ఫ్‌లో రాస్తే పీఎఫ్‌సెన్స్ దాన్ని తిరగరాసేస్తుంది, నేను రెండుసార్లు అలాగే పోగొట్టుకున్నాను.

మాడ్యూల్ ఎక్కినా 'నన్' పోలేదా? మీ చిప్ ఐడీ ఆ డ్రైవర్ జాబితాలో లేనట్టే, కొత్త వెర్షన్ వచ్చేదాకా ఆగాలి.

మే నెల ఎండల్లో సీపీయూ వేడి చూసుకోవడమే మీ బాధ అయితే దీనితో పనే లేదు, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మిసలేనియస్ కింద థర్మల్ సెన్సార్ ఎంచుకోండి.