బోర్డులో చేరమంటే ముందు చూసుకోవాల్సినవి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కాలేజీల్లో సామాజిక న్యాయం కోసం పనిచేసే సంస్థ ఏదైనా, విద్యార్థిగా ఉన్న మిమ్మల్ని తన బోర్డులోకి, అంటే పాలకవర్గంలోకి పిలిస్తే సంతోషమే. సంతకం మాత్రం ఇవి చూశాకే.

• రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్ (సంస్థ నియమావళి) అడగండి. 1860 నాటి సొసైటీల చట్టం కింద నమోదుకు కనీసం ఏడుగురు ఉండాలి. కాగితాలు ఒడియాలో ఉండి చదవడం రాకపోతే, వచ్చినవాళ్లతో కూర్చుని లైను లైనూ చెప్పించుకోండి. "మనోళ్లే కదా" అని వదిలేయకండి.

• అసలు టెన్షన్ డబ్బు దగ్గరే. బ్యాంకు ఖాతాకు ఒక్కరి సంతకమే చాలంటే ఒప్పుకోవద్దు. చందాలు ఎవరి సొంత ఫోన్‌పేకో వెళ్తున్నాయా? ఖాళీ చెక్కు మీదో, తేదీ లేని తీర్మానం మీదో సంతకం అడిగితే, అడిగింది మీ సారే అయినా, లేచి వచ్చేయండి. విదేశీ విరాళమైతే కేంద్ర హోం శాఖ అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా తప్పనిసరి.

• ఫిర్యాదుతో వచ్చినవాళ్ల పేరు, కులం, ఊరు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు.

• పరీక్షల నెలలో మీటింగులు ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి.

• చదువైపోయి వెళ్లేటప్పుడు రాజీనామా రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఏటా సొసైటీల రిజిస్ట్రార్‌కు పంపే పాలకవర్గ జాబితాలో మీ పేరు తీసేశారో లేదో కూడా కనుక్కోండి.