పీఆర్‌యూ గంట కొట్టాక లైనక్స్ ఏం చేయాలి

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు బాగుచేసే ఒక షాపుకి టెస్ట్ బెంచ్ స్పీడు చూపించే పెట్టె చేసిచ్చాను. లోపల బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న లైనక్స్ కంప్యూటర్ బోర్డు, షాఫ్ట్‌కి చుట్టుకి 360 పల్సులిచ్చే ఎన్‌కోడర్. 1500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 9,000 పల్సులు. ప్రతిదానికీ లైనక్స్‌ని లేపితే అది వేరే పనిలో ఉన్నప్పుడు కొన్ని జారిపోతాయి. అందుకే లెక్క పని చిప్‌లోనే ఉన్న 200 మెగాహెర్ట్జ్ చిన్న ప్రాసెసర్ పీఆర్‌యూకి అప్పగించి, చుట్టుకొకసారి మాత్రమే లైనక్స్‌ని పిలవమన్నాను.

పల్సు టైములు పీఆర్‌యూ, లైనక్స్ రెండూ చూడగలిగే 12 కేబీ షేర్డ్ ర్యామ్‌లో పెట్టండి. నాలుగేసి బైట్ల చొప్పున చుట్టుకి 1,440. చుట్టుకో గది చొప్పున ఎనిమిది గదులు పడతాయి, మిగిలిన 768 బైట్లలో చుట్టు నంబరుకి చోటుంటుంది. ముందు టైములు, తర్వాత నంబరు, ఆఖర్న లైనక్స్‌ని లేపే గంట. ఈ వరస మార్చొద్దు.

గంటంటే పీఆర్‌యూ తన రిజిస్టర్ ఆర్31లో 35 రాయడమే. అందులో 32 స్ట్రోబ్ బిట్, అంటే గంట మోగించమనే సూచన. మిగిలిన 3ని 16కి కలిపితే సిస్టమ్ ఈవెంట్ 19, అదే ఈ గంట నంబరు. (అదే ఆర్31ని చదివితే ఇన్‌పుట్ పిన్నుల స్థితి కనిపిస్తుంది, నాకు భలే నచ్చిన ఏర్పాటు.) గంటని ఎవరికి చేర్చాలో చూసే ఇంటరప్ట్ కంట్రోలర్‌లో 19ని ఛానెల్ 2కి, దాన్ని లైనక్స్ వైపు పోయే హోస్ట్ 2కి కలపండి. హోస్ట్ 0, 1 పీఆర్‌యూలకే పోతాయి.

నేను దెబ్బతిన్నది లైనక్స్ వైపు. డేటా చదివేసి, తర్వాత ఈవెంట్ క్లియర్ చేసేవాణ్ణి. ఆ సందులో ఇంకో చుట్టు పూర్తయితే దాని గంట కూడా చెరిగిపోయేది. 1500 దగ్గర నిలబడాల్సిన అంకె ఉన్నట్టుండి 1440కి పడేది. మేస్త్రి పంపు మీద చెయ్యి ఆనించి, "పంపు నిలకడగానే ఉందండీ, మీ పెట్టే ఊగుతోంది" అన్నాడు. సెకనుకి 25 చుట్లలో ఒకటి పోతే సరిగ్గా 1440.

కాబట్టి మేలుకోగానే ముందు ఈవెంట్ 19 క్లియర్ చేయండి, తర్వాత హోస్ట్ 2ని మళ్లీ తెరవండి. తిరగేస్తే ఒకే గంట రెండుసార్లు మోగుతుంది. ఆ తర్వాతే చుట్టు నంబరు చదివి, మీ దగ్గరున్న పాత నంబరు దాన్ని అందుకునేదాకా గదులన్నీ ఖాళీ చేయండి. గంట మోగిందని గుర్తుపెట్టుకోడానికి (పెండింగ్‌కి) ఉన్నది ఒక్క బిట్టే. అయిదు గంటలు కొట్టినా ఒకటిగానే కనిపిస్తుంది. గంటల్ని ఎప్పుడూ లెక్కపెట్టకండి.

సరిచూసుకోడానికి లైనక్స్ ప్రోగ్రాంలో కావాలనే 200 మిల్లీసెకన్ల నిద్ర పెట్టండి. 1500 దగ్గర మేలుకున్న ప్రతిసారీ అయిదు చుట్లు చేతికి రావాలి. నేను పది నిమిషాలు తిప్పాను. పీఆర్‌యూ నంబరు, నా లెక్క ఒక్కటి కూడా తేడా రాలేదు.